పెరట్లో పండిన హాప్స్: వాసన, రుచి తేల్చుకోవడం ఎలా?

హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ పువ్వులు. వాటి రకాల కేటలాగు తెరిస్తే క్యాస్కేడ్ ఎదురుగా గ్రేప్‌ఫ్రూట్ అని ఉంటుంది, విల్లామెట్ ఎదురుగా బ్లాక్‌కరెంట్, చినూక్ ఎదురుగా పైన్. సియాటిల్ చుట్టుపక్కలో, పోర్ట్‌లాండ్ వైపో పెరట్లో తీగ పాకించి, పూత కోసి అరచేతిలో నలిపి చూసే తెలుగువాళ్లకు ఈ మాటలు సగమే పనికొస్తాయి. బ్లాక్‌కరెంట్ మనం తిని పెరిగిన పండు కాదు. పంపరపనస తొక్క ఒలిచిన చేతి వాసన మాత్రం కళ్లు మూసుకున్నా గుర్తుపడతాం. పైగా కేటలాగు చెప్పేది ఆ రకం మొత్తానికి ఉన్న పేరు. మీ మట్టి, మీరు కోసిన రోజు, ఆరబెట్టిన తీరు కలిసి మీ పువ్వుకిచ్చే వాసన వేరు. న్యూజిలాండ్‌లో పండిన క్యాస్కేడ్ అమెరికా క్యాస్కేడ్‌కి ఎంత దూరం జరిగిందంటే, అక్కడివాళ్లు దాన్ని తైహెకె అని వేరే పేరుతో అమ్ముతున్నారు. మిషిగన్ చినూక్‌కి అనాసపండు వాసన అని పేరు. కాబట్టి మీ తీగ సంగతి మీరే పరీక్ష చేసి తేల్చుకోవాలి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో 21 ఏళ్లు నిండినవాళ్లు సొంత వాడకానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చు. ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికి ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువో ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరం, అక్కడ ఇది చేసే పని కాదు. తీగ కూడా అక్కడ సరిగా పండదు. హాప్స్‌కి వేసవిలో పొడుగు పగళ్లు కావాలి. సియాటిల్‌లో జూన్‌లో పగలు దాదాపు 16 గంటలు. హైదరాబాద్‌లో ఎంత సాగినా 13 గంటల పైచిలుకే. అంత తక్కువ పొద్దులో తీగ ఎదగకముందే పూతకొచ్చి ఆగిపోతుంది.

తీగ పెంపకం గురించి ఇక్కడ పెద్దగా చెప్పడం లేదు. బీరపాదుకి పందిరి వేసిన చేతులకి ఇది కొత్తేమీ కాదు, కాకపోతే ఈ బీరు పాదు అడ్డంగా కాక నిలువుగా ఐదారు మీటర్లు ఎక్కుతుంది, తాడు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకే చుట్టుకుంటుంది. మనం ఎదురు దిక్కుకి చుట్టి కడితే జారిపోతుంది. మొదటి ఏడాది పూత గుప్పెడో రెండు గుప్పెళ్లో. దానితో తీర్పులు ఇవ్వకండి. రెండో ఏడాది నుంచి లెక్క.

కోతకు ముందే: ముక్కుకి ఒక పళ్లెం

హాప్ పువ్వును నిలువునా చీల్చితే రేకుల మొదట్లో పసుపు పొడిలా కనిపించేది లుపులిన్. చేదు, వాసన రెండూ దానిలోనే. చేదునిచ్చేవి ఆల్ఫా ఆమ్లాలు, ఇవి మరగబెడితేనే కరిగి చేదెక్కుతాయి. వాసన నూనెల్లో ఉంటుంది, ఇది మరగబెడితే పోతుంది. ఈ రెండింటి పేచీ మీదే హాప్స్ వాడకమంతా నడుస్తుంది.

ఆ నూనెల్లో చాలావాటిని మన వంటింట్లో మనం రోజూ చూస్తూనే ఉన్నాం. మామిడికాయ తొడిమ తుంచితే చిమ్మే సొన వాసనలో మిర్సీన్ ఉంది, హాప్ నూనెలో ఎక్కువ భాగం కూడా అదే. ధనియాలకి ఆ వాసన ఇచ్చేది లినలూల్. గులాబీలో జెరానియాల్. మిరియాలు, లవంగాల్లో కారియోఫిలీన్. హ్యుములీన్‌ది పాత చెక్క బీరువా తలుపు తీసినప్పటి వాసన. ఇవి కాక గంధకం కలిసిన థయోల్స్ అని కొన్ని ఉంటాయి. లెక్కకు అందనంత తక్కువ మోతాదులో ఉండీ బాగా పండిన జామ, గ్రేప్‌ఫ్రూట్ వాసన తెప్పిస్తాయి. కొంచెం మోతాదు మించితే అవే పిల్లి మూత్రం కంపు.

ఆగస్టులో, కోతకి ముందు వారం, పది చిన్న గిన్నెలు వరసగా పెట్టి వీటిని వేయండి: గ్రేప్‌ఫ్రూట్ లేదా పంపరపనస తొక్క, దంచిన ధనియాలు, పచ్చిమామిడి తొక్క, దంచిన మిరియాలు, రోజ్‌వాటర్‌లో ముంచిన దూది, నలిపిన నిమ్మగడ్డి, ముగ్గిన జామపండు ముక్క, వీధి చివర డగ్లస్ ఫర్ చెట్టు నుంచి తుంచి నలిపిన రెమ్మ. ఈ ఎనిమిదీ మంచివి. మిగతా రెండూ దోషాలకి: చిటికెడు ఇంగువ, ఫ్రిజ్‌లో మరిచిపోయిన పాత చీజ్ ముక్క. ప్రతి గిన్నె మీద మూత పెట్టి అరగంట ఆగండి. తర్వాత ఒక్కో మూత తీసి, రెండు మూడు చిన్న పీల్పులతో చూసి, మీకు ఏ మాట తోస్తే అది కాగితం మీద రాయండి. గిన్నెకీ గిన్నెకీ మధ్య సొంత మోచేతి మడతలో వాసన చూసుకుంటే ముక్కు తేరుకుంటుంది. కాఫీ గింజలు వాసన చూస్తే తేరుకుంటుందన్నది అంగడివాళ్ల అలవాటు. అదీ ఒక ఘాటు వాసనే.

మీరు రాసుకున్న మాటలే ఆ తర్వాత హాప్స్‌కి మీ కొలబద్ద. "సిట్రస్" అని రాసుకుంటే నెల తిరిగేసరికి అది నిమ్మో, నారింజో, దబ్బకాయో మీకే గుర్తుండదు. "దబ్బాకు" అని రాస్తే గుర్తుంటుంది.

కోత రోజు పట్టుకోవడం

వాసన చెడే మొదటి చోటు ఇదే. తొందరపడి కోస్తే పచ్చిగడ్డి, పచ్చి మునగాకు నలిపినట్టు ఉంటుంది, పసుపు పొడి లేతగా ఉంటుంది. కొంత ఆగితే పండ్ల వాసన, నారింజ జాతి వాసన పైకొస్తాయి. మరీ ఆలస్యమైతే కొన్ని రకాల్లో ఉల్లి, వెల్లుల్లి కంపు మొదలవుతుంది, రేకులు గోధుమరంగుకి తిరిగి పొడి రాలిపోతుంది.

చేతి పరీక్ష అందరికీ తెలిసిందే: పువ్వు నొక్కితే కాగితంలా గరగరలాడాలి, వదిలితే మళ్లీ పొంగాలి, లుపులిన్ ముదురు పసుపులో, ఆవకాయ నూనె రంగు వైపు తిరుగుతూ ఉండాలి. ఇది అనుభవం ఉన్నవాళ్లకి చాలు. కొత్తవాళ్లు తూకం పరీక్ష చేయడం మంచిది. అర్ధగంట పని, మళ్లీ ఆరబెట్టేటప్పుడు కూడా ఇదే అంకె అక్కరకొస్తుంది.

1. తీగ పైభాగం, మధ్య, కింద కొమ్మల నుంచి కలిపి 30 పువ్వులు కోయండి. ఒక్క చోటి నుంచే కోస్తే లెక్క తప్పుతుంది. పైన ఎండ తగిలినవి ముందు ముదురుతాయి.
2. 0.1 గ్రాము చూపించే చిన్న కాటాలో తూచండి. ఉదాహరణకు 25.0 గ్రాములు.
3. డీహైడ్రేటర్‌లో పూర్తిగా, బరువు ఇక తగ్గనంతవరకు ఎండబెట్టండి. ఇవి పరీక్షకే, బీరులోకి కాదు, కాబట్టి వేడి ఎక్కువైనా పర్వాలేదు.
4. మళ్లీ తూచండి. 5.5 గ్రాములు వచ్చిందనుకోండి. 5.5ని 25తో భాగించి వందతో హెచ్చిస్తే 22. అంటే పొడి పదార్థం 22 శాతం.

20 కంటే తక్కువుంటే ఆగండి. 22 నుంచి 24 మధ్య కోయండి. ఆగస్టు మూడో వారం నుంచి నాలుగైదు రోజులకొకసారి ఈ పరీక్ష చేస్తే చాలు. క్యాస్కేడ్, సెంటెనియల్ సాధారణంగా ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మధ్యలోపు సిద్ధమవుతాయి, చినూక్ వాటి వెనకాల. క్యాస్కేడ్ పర్వతాలకి పడమట, సియాటిల్ వైపు వర్షం తడికి డౌనీ మిల్డ్యూ అనే బూజు తెగులు బెడద. తూర్పున యాకిమా లోయ పొడి ఎండలో పౌడరీ మిల్డ్యూ. బూజు పట్టిన పువ్వులు, సాలీడు పురుగుల గూళ్లతో గోధుమరంగు తిరిగినవి కోతలోనే ఏరిపారేయండి. ఆరబెట్టాక ఏరదామంటే ఆ ముక్కవాసన మొత్తం రాశికి పడుతుంది.

ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. తీగకున్న సన్న ముళ్ల కొక్కేలు గీరితే రెండు రోజులు మండుతుంది.

నలిపి చూడటం, దాని మోసం

చేతులు వాసన లేని సబ్బుతో కడగండి. పొద్దున పోపు వేసిన చేత్తో హాప్స్ వాసన చూస్తే కనబడేది కరివేపాకే. నాలుగైదు పువ్వులు అరచేతిలో వేసుకుని రెండు దఫాలుగా చూడాలి. మొదట ఊరికే చీల్చి ముక్కు దగ్గర పెట్టండి: ఇక్కడ తెలిసేవి దోషాలు, అంటే బూజు, చీజ్, ఎండుగడ్డి. తర్వాత రెండు అరచేతుల మధ్య వేడి పుట్టేదాకా గట్టిగా రుద్ది, చేతులు దొప్పలా చేసి పీల్చండి. ఒక నిమిషం ఆగి మళ్లీ పీల్చండి. మొదటి పీల్పులో మామిడి సొన లాంటి ఘాటు ఎక్కువ, అది ఎగిరిపోయాక మిగిలేదే చూడాల్సింది.

ఒక కూర్చోవడంలో ఐదు రకాలకి మించి వద్దు. జిగురు సబ్బుతో పోదు. పనసకాయ కోసినప్పటిలాగే చేతులకి కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి.

ఇప్పుడు మోసం సంగతి. చేతిలో ఘుమఘుమలాడినది బీరులో అలాగే ఉంటుందన్న హామీ లేదు. చేతిలో అందరికంటే గట్టిగా అరిచే మిర్సీన్ నీళ్లలో సరిగా కరగదు, మరుగులో ఆవిరైపోతుంది, పులిసేటప్పుడు ఈస్ట్‌కి అంటుకుని, పైకొచ్చే గ్యాసుతో కొట్టుకుపోతుంది. లినలూల్, జెరానియాల్ నీళ్లలో మెరుగ్గా కరుగుతాయి, అందుకే చేతిలో దాక్కున్న ధనియాల, గులాబీల వాసన గ్లాసులో పైకొస్తుంది. ఈస్ట్ కొంత జెరానియాల్‌ని సిట్రొనెలాల్‌గా మార్చేస్తుంది, దానిది నిమ్మగడ్డి వైపు పోయే వాసన. థయోల్స్ కొన్ని పువ్వులో వాసనే లేని రూపంలో కట్టుబడి ఉంటాయి, వాటిని విడిపించేది ఈస్టే. కాబట్టి నలిపి చూడటంతో "ఇది పనికిరాదు" అని తేల్చవచ్చు. "ఇది బాగుంటుంది" అని తేల్చలేం.

ఆరబెట్టడం

కోసిన పువ్వులో మూడొంతులకు పైగా నీరే. గోనెలోనో ప్లాస్టిక్ సంచిలోనో కూరి ఒక రాత్రి ఉంచితే లోపల వేడెక్కి, పొద్దున్నకి పేడకుప్ప వాసన వస్తుంది. కోసిన గంట రెండు గంటల్లోపే పరచాలి.

డీహైడ్రేటర్ ఉంటే 45 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టండి. 60 దాటనివ్వకండి, నూనె ఎగిరిపోయి ఉడికిన టీ ఆకు వాసన మిగులుతుంది. డీహైడ్రేటర్ లేకపోతే కిటికీ దోమతెరలు రెండు మూడు తీసి, ఒక్కోదాని మీద రెండు మూడు అంగుళాల మందం మించకుండా పరచి, కింద నుంచి బాక్స్ ఫ్యాన్ పెడితే రెండు మూడు రోజులు. ఎండలో మాత్రం వద్దు. వడియాలకి, ఒరుగులకి ఎండ మంచిదే. హాప్స్‌కి వెలుతురే శత్రువు.

ఎప్పుడు ఆపాలి? చాలామంది రేకులు గలగలలాడగానే ఆపేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది. రేకులు ముందు ఎండుతాయి, మధ్యలో ఉన్న ఈనె తడి ఆఖరున పోతుంది. ఈనెను వంచితే పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే. ఇంకా కచ్చితంగా కావాలంటే కోత రోజు అంకె వాడండి: పచ్చి పువ్వు ఒక కిలో, పొడి పదార్థం 22 శాతం అయితే, అందులో నీళ్లు తీసేయగా 220 గ్రాములు. తొమ్మిది శాతం తేమ ఉంచాలంటే 220ని 0.91తో భాగించాలి, 242 గ్రాములు. ట్రే బరువు తీసేసి తూస్తూ, 240 దగ్గరికి రాగానే ఆపండి. అంతకంటే బాగా తగ్గితే పువ్వు పొడిపొడి అయి లుపులిన్ ట్రే అడుగున రాలుతుంది. ఎక్కువ ఉంటే సంచిలో బూజు.

ఆపాక ఒక మూత డబ్బాలో పోసి ఆరు గంటలు ఉంచి, చెయ్యి పెట్టి చూడండి. గరగరలాడిన రేకులు మళ్లీ మెత్తబడితే ఈనెలో తడి బయటకొచ్చినట్టు. ఇంకో రెండు గంటలు ఆరబెట్టాలి.

వాక్యూమ్ సంచుల్లో 28 గ్రాముల చొప్పున కట్టి, రకం, తీగ ఉన్న చోటు, కోత తేదీ, పొడి పదార్థం శాతం రాసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. బయట గాలిలో వదిలేసిన హాప్స్ కొన్ని నెలల్లో చీజ్ కంపు కొడతాయి. ఆ పళ్లెంలో పెట్టిన పాత చీజ్ ముక్క ఇందుకే. అలాంటి సంచి బీరులో వేసి బాగుచేయాలని చూడకండి, ఎరువు గుంతలో వేయండి.

సీసా పరీక్ష: వారంలో జవాబు

బీరు కాయకుండానే మీ హాప్స్ బీరులో ఎలా ఉంటాయో చూసే దారి ఇది. వాసన పెద్దగా లేని అమెరికన్ లైట్ లాగర్ బీరు, 355 మిల్లీలీటర్ల సీసాలు, ఒక్కో రకానికి ఒకటి, ఏమీ వేయకుండా ఉంచడానికి ఇంకొకటి కొనండి. మూత తిప్పితే వచ్చే సీసాలు వద్దు, మూతలు బిగించే చేతి క్యాపర్‌తో మళ్లీ బిగించినా అవి సరిగా పట్టవు.

సీసాలను ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో, సున్నా నుంచి రెండు డిగ్రీల దగ్గర ఉంచండి. ఇది వదిలేస్తే వంటగది కప్పు దాకా నురుగే. ఒక్కో రకం 1.5 గ్రాములు తూచి, పువ్వులు నిలువునా రెండు ముక్కలు చేసి పక్కన పెట్టుకోండి. మూత తీయగానే పువ్వులు దూర్చి, నురుగు మూతి దాకా పొంగగానే కొత్త మూత బిగించండి. ఆ నురుగు లోపలి గాలిని నెట్టేస్తుంది. ఏమీ వేయని సీసా కూడా అలాగే తీసి మళ్లీ మూయాలి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు. మూడు రోజులు ఇంటి వేడిలో, చీకట్లో ఉంచి, రోజుకొకసారి మెల్లగా తిరగేయండి. తర్వాత 24 గంటలు ఫ్రిజ్‌లో.

తెరిచేటప్పుడు సింక్‌లోనే తెరవండి. టీ వడగట్టే జాలీ గుండా గ్లాసులోకి ఒంచండి. ఇంట్లో ఇంకొకరు గ్లాసుల కింద అంకెలు రాసి పోయాలి, తాగేవాళ్లకి ఏది ఏదో తెలియకూడదు. రెండు రకాలు నిజంగా వేరా కాదా అని సందేహం ఉంటే మూడు గ్లాసుల పద్ధతి పెట్టండి: రెండింటిలో ఒకటే రకం, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో పట్టుకోవాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారి పట్టుకున్నంత మాత్రాన సంబరపడక్కర్లేదు. నాలుగైదు సార్లు వరసగా పట్టుకుంటే అది నిజం.

వేడి నీళ్లలో హాప్స్ వేసి టీ చేసి చూసే పద్ధతి కూడా ఉంది. ఒక గ్రాము, పావు లీటరు నీళ్లు, 70 డిగ్రీలు, మూత పెట్టి పది నిమిషాలు. దోషాలు పట్టుకోవడానికి పనికొస్తుంది. ఆల్కహాల్ లేదు, గ్యాసు లేదు, మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తీపి లేదు, కాబట్టి అంతకుమించి దాన్ని నమ్మకండి.

నాలుగు జాడీల పరీక్ష

సీసా పరీక్షలో నెగ్గినవాటినే ఇక్కడిదాకా తేవాలి. ఒకే బీరు కాచి నాలుగుగా పంచడం దీని కిటుకు. నాలుగు వేర్వేరు బీర్లు కాస్తే తేడా హాప్స్‌దో, మీ చేతిదో తెలియదు.

19 లీటర్లకి 2.6 కిలోల లేత డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ సరిపోతుంది, గ్రావిటీ, అంటే నీటితో పోల్చిన చిక్కదనం, 1.050 దగ్గర వస్తుంది. ధాన్యం నుంచి చేసేవాళ్లు 4.5 కిలోల పేల్ మాల్ట్‌ని 66 డిగ్రీల్లో గంటసేపు నానబెట్టి తీసుకోవచ్చు. చేదుకి మీ పెరటి హాప్స్ వాడకండి. వాటి ఆల్ఫా శాతం మీకు తెలియదు. కేటలాగు అంకె తీసుకుంటే చేదు ఎటైనా పోవచ్చు. కొట్లో దొరికే మ్యాగ్నమ్ రకం పెల్లెట్స్ (పొడి చేసి గుళికలుగా ఒత్తిన హాప్స్), ఆల్ఫా 12 శాతం ఉన్నవి, 20 గ్రాములు 60 నిమిషాలు మరిగిస్తే చేదు 29 ఐబీయూ (చేదు కొలత) దగ్గర వస్తుంది. పెల్లెట్ పాకెట్ మీద వేరే శాతం ఉంటే ఆ లెక్కన మార్చుకోండి: 12ని 20తో హెచ్చిస్తే 240, దాన్ని మీ శాతంతో భాగిస్తే మీ గ్రాములు.

20 డిగ్రీలకి చల్లార్చి, యూఎస్-05 ఈస్ట్ ఒక 11.5 గ్రాముల పాకెట్ వేసి, 18-19 డిగ్రీల్లో పులియనివ్వండి. రెండు రోజుల తేడాతో తీసిన హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే పరికరం) అంకెలు మారకుండా, 1.010-1.013 మధ్య నిలబడ్డాక జాడీల్లోకి మార్చాలి. ఒక గ్యాలన్ గాజు జాడీలు నాలుగు, ఒక్కోదానిలో 3.5 లీటర్లు. వీలుంటే జాడీల్లో ముందు కార్బన్ డయాక్సైడ్ నింపండి. గొట్టం కొసను జాడీ అడుగుకి ఆనించి, చప్పుడు లేకుండా పారనివ్వండి. గాలి కలిసిన బీరులో హాప్ వాసన పది రోజుల్లో తడి అట్టపెట్టె వాసన అవుతుంది.

మూడు జాడీల్లో ఒక్కో రకం 14 గ్రాములు, అంటే లీటరుకి నాలుగు గ్రాములు. నాలుగోదానిలో బీరు ఒక్కటే, హాప్స్ వేయకండి. పువ్వులు తేలుతాయి కాబట్టి నీళ్లలో మరిగించిన పల్చని గుడ్డసంచిలో, రెండు మూడు గోలీకాయలు బరువుగా వేసి ముంచండి. మూడు రోజులు చాలు. వారం ఉంచితే వాసన పెరగదు, ఆకు వగరు పెరుగుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. హాప్స్‌లో పిండి పదార్థాన్ని విరిచే ఎంజైములు ఉంటాయి. ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలను అవి తినగలిగేలా విరుస్తాయి, పులియడం మళ్లీ మొదలవుతుంది. తొందరపడి సీసాల్లో పోస్తే రెండు జరుగుతాయి: వెన్న పాప్‌కార్న్ వాసన, పగిలే సీసాలు. ఇంట్లో చల్లగా ఆరబెట్టిన హాప్స్‌లో ఈ ఎంజైములు ఎక్కువే మిగులుతాయి. సంచి తీశాక జాడీని 18-20 డిగ్రీల్లోనే ఉంచి, గ్రావిటీ మళ్లీ రెండుసార్లు నిలబడిందని చూశాకే సీసాల్లో పోయండి. 3.5 లీటర్లకి 21 గ్రాముల పంచదార, గోధుమరంగు సీసాలు, 20 డిగ్రీల్లో రెండు వారాలు. పచ్చ, తెల్ల సీసాల్లో పోసి వెలుతురు తగలనిస్తే అమెరికన్లు స్కంక్ అనే జంతువు పేరుతో పిలిచే కంపు పుడుతుంది.

పచ్చి పువ్వులతోనే బీరు చేయాలనుకుంటే కోసిన 24 గంటల్లోపు వాడాలి, ఎండు బరువుకి ఐదింతలు వేయాలి. మరుగు ఆపి 80 డిగ్రీలకి దించాక 20 నిమిషాలు ఉంచి తీసేయడం మేలు. పులిసిన బీరులో పచ్చిపువ్వులు వేస్తే పచ్చగడ్డి రసం. కొందరికి అదే ఇష్టం, వాదించలేం.

ఏ రకం దగ్గర ఏం వెతకాలి

క్యాస్కేడ్ 1972లో ఒరెగాన్ నుంచి వచ్చింది. ఇంగ్లండ్ ఫగుల్, రష్యా సెరెబ్రియాంకాల సంతతి. పెరటికి దీన్ని మించింది లేదు, ఎక్కడైనా బతుకుతుంది. బాగా పండితే పంపరపనస తొక్క, కొంచెం గులాబీ. తొందరపడి కోస్తే ఎండు చామంతి. పోల్చుకోవడానికి సియెర్రా నెవాడా పేల్ ఏల్ బీరు ఒకటి పక్కన పెట్టుకోండి, ఆ వాసన క్యాస్కేడ్‌దే.

సెంటెనియల్ 1990 నాటిది. దీన్ని క్యాస్కేడ్‌కి అన్నగారు అంటారు గానీ, ఆ పోలిక సగమే నిజం. పంపరపనస కంటే దబ్బకాయ వైపు, పైన తెల్లపూల వాసన ఉంటుంది, చేదు బలం క్యాస్కేడ్‌కి ఇంచుమించు రెండింతలు. బెల్స్ టూ హార్టెడ్ అనే బీరులో వేసేది ఇదొక్కటే.

చినూక్, 1985. డగ్లస్ ఫర్ రెమ్మ, మిరియాలు. చేదుకి ఎక్కువ వాడితే నాలుక వెనక గీరుతుంది, అందుకని కొత్తవాళ్లు దీన్ని ఈసడిస్తారు. డ్రై హాప్‌లో, అంటే పులిసిన బీరులో వేసినప్పుడు మాత్రం వేరే మనిషి. కోత ఒక వారం అటూ ఇటూ జరిపి రెండు సంచులు కట్టి పోల్చండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

విల్లామెట్, 1976. ఫగుల్ సంతతే. నలిపితే తడిమట్టి, పాత చెక్క, కొంచెం మిరియం. హాప్స్ ఘాటుగా ఉండే ఐపీఏ బీరు తాగే అలవాటున్నవాళ్లు "ఏమీ లేదే" అంటారు. లీటరుకి నాలుగు గ్రాముల డ్రై హాప్ దీనికి అక్కర్లేదు. ముదురు రంగు ఇంగ్లిష్ ఏల్ బీరులో మరుగు ఆఖరి పది నిమిషాల్లో వేస్తే దాని విలువ తెలుస్తుంది.

సిట్రా, మోజాయిక్ దుంపలు ఎక్కడ దొరుకుతాయని వెతకకండి. అవి సొంత హక్కులున్న రకాలు, ఇంటి పెంపకానికి అమ్మరు. ఎవరైనా అమ్ముతున్నారంటే అవి అవి కావు.

తేడా వస్తే ఎక్కడ చూడాలి

ఉల్లి, ఇంగువ వాసన: కోత ఆలస్యం. వచ్చే ఏడాది ఒక వారం ముందు కోయండి. పచ్చిగడ్డి: కోత తొందర, లేదా డ్రై హాప్ ఎక్కువ రోజులు. టీ ఆకు: ఆరబెట్టే వేడి ఎక్కువ. చీజ్: పాత సరుకు, సంచిలో గాలి. వెన్న: సీసాల్లో తొందరపడి పోశారు. తడి అట్ట: జాడీలు మార్చేటప్పుడు గాలి. అసలు వాసనే లేదు: మొదటి ఏడాది తీగ, నీడ, లేదా లుపులిన్ ట్రే అడుగున రాలిపోయింది. రాలిన ఆ పసుపు పొడిని పారేయకండి, గీకి సంచిలో వేసుకోండి.

ఇంట్లో కుక్క ఉంటే బీరు సంచిలోంచి తీసిన హాప్స్ పిప్పిని, ఎండు పువ్వుల్ని దానికి అందకుండా చూడాలి. కుక్కలకి హాప్స్ విషం, తింటే ఒళ్లు కాలిపోయి గంటల్లో ప్రాణం మీదకొస్తుంది. మాల్ట్ తీపి అంటుకున్న పిప్పి వాటికి మరీ ఇష్టం కూడా. మూత ఉన్న డబ్బాలో వేసి, మూత బిగించి, ఆ తర్వాతే గ్లాసులు కడగడానికి కూర్చోండి.